ఆటలో అరటిపండు ఎవరు? డ్రిల్ పీరియడ్‌లో పిల్లల అవగాహనను కనిపెట్టడం గురించి

"అర్థమైందా?" అని డ్రిల్ సారు అడుగుతారు. "అయింది సార్" అని నలభై గొంతులు ఒక్కసారే పలుకుతాయి. విజిల్ మోగుతుంది, ఆట మొదలవుతుంది. చేవెళ్ల మండలంలోని ముడిమ్యాల కావచ్చు, పక్కనున్న మొయినాబాద్ కావచ్చు, తెలంగాణలో ఏ ఊరి బడి మైదానంలోనైనా వ్యాయామ విద్య పాఠం చాలావరకు ఇలాగే సాగుతుంది. చెప్పింది పిల్లల బుర్రకెక్కిందో లేదో చూసే పని ఆ ఒక్క ప్రశ్నతో తీరిపోయినట్టే లెక్క. లెక్కల మాస్టారు అలా ఊరుకోరు. భిన్నాల కూడిక చెప్పాక బోర్డు మీద ఒక లెక్క వేసి, ఒకరిని పిలిచి చేయిస్తారు. నోటుబుక్కులు తిప్పి చూస్తారు. పిల్లవాడు ఎక్కడ తప్పాడో కాగితం మీద కనిపిస్తుంది. మైదానంలో ఆ కాగితం లేదు. అందరూ పరుగెడుతుంటారు, అరుస్తుంటారు, చెమటలు కారుతుంటాయి. ఆ సందడిని చూసి పిల్లలు నేర్చుకుంటున్నారని అనుకోవడం ఎవరికైనా సహజమే. కానీ కదలిక వేరు, అవగాహన వేరు. ఆడుతున్న పిల్లవాడికి ఏం అర్థమైందో కనిపెట్టడం సాధ్యమేననీ, దానికి అదనపు పీరియడూ రాతపరీక్షా అక్కర్లేదనీ, ఆటనే కాస్త మార్చి ఆ పని చేయించుకోవచ్చనీ నా వాదన. దీనికి ఆధారాలు మన హైదరాబాద్ మైదానాల్లోనూ ఉన్నాయి, బయటి దేశాల పరిశోధనల్లోనూ ఉన్నాయి. ఎదురు వాదనలూ ఉన్నాయి, వాటిలో కొన్ని బలమైనవే.

మన పిల్లల భాషలో ఒక మాట ఉంది: ఆటలో అరటిపండు. చిన్నపిల్లను కాదనలేక ఆటలో చేర్చుకుంటారు. ఔటైనా ఔటు కాదు, పాయింటు తెచ్చినా లెక్కలోకి రాదు. ఇంటి ముందు ఆటల్లో అది ముద్దుగానే ఉంటుంది. బడి మైదానంలో మాత్రం ఎవరూ పేరు పెట్టి పిలవని అరటిపండ్లు ఉంటాయి. వాలీబాల్ కోర్టులో వెనక మూలన నిలబడి, బంతి తన వైపు వస్తుంటే పక్కమ్మాయికి చోటిచ్చి తప్పుకునే పిల్ల ఒకతి. కబడ్డీలో పక్కవాడి చెయ్యి పట్టుకుని వాడు ఎటు లాగితే అటు కదిలే పిల్లవాడు ఒకడు. వాళ్లు అల్లరి చేయరు, మాట కాదనరు, హాజరులో ఉంటారు, దూరం నుంచి చూస్తే ఆడుతున్నట్టే ఉంటారు. 1983లో టూసిన్యాంట్, సీడెంటాప్ అనే ఇద్దరు పరిశోధకులు ఉన్నత పాఠశాలల వ్యాయామ విద్య తరగతులను దగ్గరగా గమనించి సరిగ్గా ఇలాంటి పిల్లలనే గుర్తించారు. సారు కంట పడకుండా, ఆటలో పాలు పంచుకోకుండా, నేర్పుగా పక్కన నిలబడేవాళ్లని వాళ్ల గురించి రాశారు. అదే ఏడాది జుడిత్ ప్లాసెక్ అనే పరిశోధకురాలు మరో ముక్క తేల్చింది. పాఠం బాగా జరిగిందని ఎప్పుడు అనుకుంటారని వ్యాయామ ఉపాధ్యాయులను అడిగితే, పిల్లలు పనిలో ఉన్నప్పుడు, సంతోషంగా ఉన్నప్పుడు, చెప్పినట్టు విన్నప్పుడు అనే జవాబులే ఎక్కువగా వచ్చాయి. నేర్చుకున్నప్పుడు అన్న మాట వెనకబడిపోయింది. ఆ ఉపాధ్యాయులను తప్పుపట్టి లాభం లేదు. పని, సంతోషం, క్రమశిక్షణ కంటికి కనిపిస్తాయి. నేర్చుకోవడం కనిపించాలంటే దానికోసం విడిగా చూడాలి.

మన చట్టం ఈ విషయంలో చాలా స్పష్టంగా ఉంది. 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్, పిల్లల అవగాహననూ దాన్ని ఉపయోగించే సామర్థ్యాన్నీ నిరంతరంగా, సమగ్రంగా మూల్యాంకనం చేయాలని చెబుతుంది. అవగాహన అన్న మాట చట్టంలోనే ఉంది. అదే చట్టం షెడ్యూలు ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలని చెప్పి, వందమంది దాటిన ప్రాథమికోన్నత తరగతులకు ఆరోగ్య, వ్యాయామ విద్యకు పార్ట్‌టైం బోధకుడినైనా ఇవ్వాలంది. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం ఈ సబ్జెక్టును మిగతావాటితో సమానంగా చూడాలంది. 2020 జాతీయ విద్యా విధానం చదువుకూ ఆటకూ మధ్య గోడ ఉండకూడదంది. ఉమ్మడి రాష్ట్రంలో మొదలై తెలంగాణలో కొనసాగిన నిరంతర సమగ్ర మూల్యాంకనంలోనూ వ్యాయామ విద్యకు గ్రేడు ఉంది. ఆ గ్రేడు దేన్ని చూసి ఇవ్వాలన్న దగ్గరే చిక్కు వస్తుంది. తెలుగుకు, సాంఘికానికి రాత అంశాలు, ప్రాజెక్టు పనులు, లఘు పరీక్షలు అని తూచే సాధనాలు ఉన్నాయి. డ్రిల్ పీరియడ్‌కు అంత పదునైన సాధనమేదీ ఉపాధ్యాయుడి చేతికి అందలేదు. దాంతో గ్రేడు హాజరుకో, అణకువకో, మండల స్థాయి పోటీలకు ఎంపికైనందుకో దక్కే బహుమతిగా మారిపోతుంది.

చేతికి అందిన సాధనం ఒకటుంది గానీ అది కొలిచేది వేరే. ఖేలో ఇండియా దేహదారుఢ్య పరీక్షల్లో నాలుగో తరగతి నుంచి పైపిల్లలకు బాడీ మాస్ ఇండెక్స్, 50 మీటర్ల పరుగు, 600 మీటర్ల పరుగు లేదా నడక, కూర్చుని ముందుకు వంగి చేతులు చాపడం, కర్లప్స్, పుషప్స్ ఉన్నాయి. ఇవి మంచి పరీక్షలే. పిల్లల ఆరోగ్యం గురించి ప్రభుత్వానికీ తల్లిదండ్రులకూ అక్కరకొచ్చే సమాచారం ఇస్తాయి. అయితే 600 మీటర్ల పరుగునే చూడండి. పన్నెండేళ్ల పిల్లవాడు విజిల్ వినగానే శక్తంతా పెట్టి దూకుతాడు. మొదటి రెండు వందల మీటర్లు అందరికంటే ముందు ఉంటాడు. తర్వాత డొక్క పట్టుకుని నడుస్తాడు. స్టాప్‌వాచ్‌లో పడిన అంకె వాడికి దమ్ము లేదని చెబుతుంది. నిజానికి వాడికి లేనిది దమ్ము కాకపోవచ్చు. దూరాన్ని బట్టి వేగాన్ని పంచుకోవాలన్న ఎరుక లేకపోవచ్చు. ఆ ఎరుక ఉందో లేదో తెలియాలంటే ఒక చిన్న పని చాలు. పరుగుకు ముందు మొదటి రౌండు ఎంతసేపట్లో చేస్తావు, చివరి రౌండు ఎంతసేపట్లో చేస్తావు అని అడిగి, తర్వాత వాడు చెప్పినదాన్ని, చేసినదాన్ని పక్కపక్కన పెట్టి చూడాలి. ఒకే అంకె వెనక రెండు వేర్వేరు కారణాలు ఉన్నప్పుడు వాటికి మందూ వేర్వేరు. దమ్ము తక్కువైతే వారాల తరబడి సాధన కావాలి. ఎరుక తక్కువైతే పది నిమిషాల మాట సరిపోతుంది. కొలిచి వదిలేసేవాళ్లకు ఈ తేడా ఎన్నటికీ తెలియదు.

ఆటలో అవగాహన అంటే ఏమిటో తేల్చుకుంటే గానీ దాన్ని కనిపెట్టే దారి దొరకదు. నియమాలు ఒప్పజెప్పడం అవగాహన కాదు. కబడ్డీలో జట్టుకు ఏడుగురు, కూత ముప్పై సెకన్లు, ఎదుటి కోర్టులో ఆరుగురు లేదా అంతకంటే ఎక్కువ మంది ఉంటేనే బోనస్ గీత పనిచేస్తుంది, ముగ్గురు లేదా అంతకంటే తక్కువ మంది ఉన్నప్పుడు పట్టేస్తే అదనపు పాయింటు వస్తుంది. ఇవన్నీ గడగడా చెప్పగల పిల్లవాడు కూతకు పోయి, అవతల అయిదుగురే ఉన్నా బోనస్ గీత మీద కాలు పెట్టడానికి ప్రాణాలకు తెగించి దొరికిపోవచ్చు. నియమం నోటికి వచ్చింది, ఆటలోకి రాలేదు. ఇంకో పిల్లవాడు నియమాల పేర్లు సరిగ్గా చెప్పలేడు. కానీ రెండు పాయింట్ల ఆధిక్యంలో చివరి నిమిషంలో కూతకు పోయినప్పుడు బాక్ లైన్ దాటి, ఎవరినీ ముట్టుకోకుండా, కూత ఆపకుండా, క్షేమంగా వెనక్కి వస్తాడు. ఎందుకలా చేశావంటే "మనమే ముందున్నం గద సార్, దొరకకుండ వాపస్ వస్తె చాలు" అంటాడు. ఆ ఒక్క వాక్యంలో స్కోరు, సమయం, నష్టభయం, నియమం అన్నీ ఉన్నాయి. రెండో పిల్లవాడికి ఆట అర్థమైంది. మొదటివాడికి పాఠం మాత్రమే వచ్చింది. ఆటలో అవగాహన ఎంపికలో ఉంటుంది: ఎప్పుడు, ఎటు, ఎవరి వైపు, ఎందుకు. కాబట్టి ఉపాధ్యాయుడు చూడవలసింది పిల్లవాడి ఎంపికను. కాలు ఎంత ఎత్తుకు లేచిందన్నది ఆ తర్వాతి సంగతి.

ఈ మాట బయటి దేశాల పరిశోధనల్లో 1982లో గట్టిగా వినిపించింది. ఇంగ్లండ్‌లోని లఫ్‌బరోలో డేవిడ్ బంకర్, రాడ్ థార్ప్ అనే అధ్యాపకులు, ముందు నైపుణ్యాలు విడివిడిగా నేర్పి చివర్లో ఆట ఆడించే పద్ధతి వల్ల పిల్లలకు ఆట అర్థం కావడం లేదని చెప్పి, కుదించిన ఆటతోనే మొదలుపెట్టి ఎంపికలు నేర్పే పద్ధతిని ప్రతిపాదించారు. 1990లలో అమెరికాలో ఆస్లిన్, మిచెల్, గ్రిఫిన్ ఆటలో పిల్లల తీరును కొలిచే సాధనం ఒకటి తయారుచేశారు. అందులో నైపుణ్యంతో పాటు నిర్ణయం, తోటివారికి అండగా నిలవడం, ఎదుటివారిని కాచుకోవడం, తిరిగి తన చోటికి రావడం వంటివి ఉన్నాయి. బంతి లేనప్పుడు పిల్లవాడు ఏం చేస్తున్నాడో చూడాలన్నది ఆ సాధనం ఇచ్చిన గొప్ప సూచన. అరటిపండు దొరికిపోయేది సరిగ్గా అక్కడే. ఈ పద్ధతుల మీద వచ్చిన అధ్యయనాల ఫలితాలు ఒక్క తీరుగా లేవన్నది ఒప్పుకోవాలి. నైపుణ్యాల్లో పెద్ద తేడా కనిపించని సందర్భాలు చాలా ఉన్నాయి. నిర్ణయాల్లో, ఆట తెలివిలో మెరుగుదల కనిపించినవి ఎక్కువ. అంటే ఎంపికల మీద దృష్టి పెట్టినందువల్ల నైపుణ్యం చెడిపోదు. నాకు ఆ మాత్రం భరోసా చాలు.

లఫ్‌బరో కంటే మూడు దశాబ్దాల ముందే ఈ దారిలో నడిచిన ఉపాధ్యాయుడు మన హైదరాబాద్‌లో ఉన్నారు. 1909లో పుట్టిన సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా బడిపంతులు, తర్వాత వ్యాయామ విద్యలో శిక్షణ పొందారు. 1950 నుంచి 1963లో కన్నుమూసేదాకా భారత ఫుట్‌బాల్ జట్టుకు శిక్షకుడు. 1951 ఢిల్లీ, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం ఆయన కాలంలోనివే. 2024లో వచ్చిన మైదాన్ సినిమా పుణ్యమా అని ఆయన పేరు మళ్లీ వినబడింది గానీ, ఉపాధ్యాయులు తెలుసుకోవలసిన రహీం ఆ పతకాల వెనక ఉన్నారు. ఆయన హైదరాబాద్‌లో బంతిని కాలితో నడిపించుకుంటూ పోవడం నిషేధించిన టోర్నమెంట్లు పెట్టారు, బలహీనమైన కాలితోనే తన్నాలన్న టోర్నమెంట్లు పెట్టారు. వాటి ఉద్దేశం ఆటగాళ్లలోని లోపాలు దిద్దడం. బడిపంతులి కళ్లతో చూస్తే అవి గొప్ప పరీక్షలు కూడా. బంతిని దగ్గర ఉంచుకునే వీలు తీసేస్తే, బంతి రాకముందే తోటివాడు ఎక్కడున్నాడో చూసుకున్నవాడు ఎవడో, చూసుకోనివాడు ఎవడో అయిదు నిమిషాల్లో బయటపడుతుంది. ఎవరినీ ఏమీ అడగనక్కర్లేదు. నియమం ఒకటి మార్చారు, ఆటే ప్రశ్నపత్రమైంది.

ముడిమ్యాల వంటి ఊరి బడిలో ఇది చేయడానికి కావలసిన సామగ్రి ముగ్గుపిండి, విజిల్, పిల్లలు. ఖోఖో తీసుకుందాం. వరసలో ఎనిమిది మంది ఒకరు ఇటు, ఒకరు అటు ముఖం పెట్టి కూర్చుంటారు. తరుముతున్నవాడు ఒకసారి దిక్కు పట్టాక వెనక్కి తిరగకూడదు, మధ్య గీత దాటకూడదు. పరుగెత్తేవాడు మాత్రం కూర్చున్నవాళ్ల మధ్య నుంచి అటూ ఇటూ దూరిపోతాడు. అంటే తరిమేవాడి తెలివంతా ఖో ఎవరికి ఇవ్వాలన్న దానిలోనే ఉంది. అవతలి వైపు ముఖం పెట్టి, పరుగెత్తేవాడికి ముందున్న వాడికి ఇస్తే ఆట అర్థమైనట్టు. దగ్గరగా ఉన్నాడని పక్కవాడికే ఇస్తే కానట్టు. ఆట మధ్యలో ఒకసారి విజిల్ వేసి అందరినీ ఉన్నచోటే ఆపి, కూర్చున్న పిల్లలందరినీ కళ్లు మూసుకుని, ఇప్పుడు ఖో వరసలో ఎన్నోవాడికి రావాలో వేళ్లతో అంకె చూపించమంటే ఒక్క క్షణంలో అందరి అవగాహనా కళ్లముందు పరుచుకుంటుంది. కళ్లు మూయించడం ముఖ్యం. లేకపోతే కెప్టెన్ చూపిన అంకెనే అందరూ చూపిస్తారు. "అయింది సార్" అన్న కోరస్ అప్పుడు వేళ్లలోకి మారుతుంది, అంతే. ఇంకో మంచి దారి, సారు స్వయంగా తప్పు చేసి చూపడం. వాలీబాల్ సర్వీసులో గీత తొక్కి, షాట్‌పుట్‌లో మోచేయి కిందికి జార్చి, ఇందులో తప్పేముందో పట్టుకోమంటే పిల్లలు ఎంత ఆశగా చూస్తారో చెప్పలేం. పెద్దవాడి తప్పు పట్టే అవకాశం వదులుకునే పిల్లలు ఉండరు. జంటల పద్ధతి కూడా ఉంది. 1966లో మస్కా మాస్టన్ వివరించిన బోధనా శైలుల్లో ఒకరు చేస్తుంటే మరొకరు రెండు మూడు గుర్తులు పట్టుకుని చూసి చెప్పడం ఒకటి. లాంగ్‌జంప్‌లో ఒకరు దూకుతారు, ఒకరు టేకాఫ్ కాలు చూస్తారు. ఏం చూడాలో తెలిసిన పిల్లవాడికి ఏం చేయాలో కూడా సగం తెలిసినట్టే. పైగా వరసలో నిలబడి తన వంతు కోసం ఎదురుచూసే పిల్లలకు అదొక పని.

దీనికి మొదటి అభ్యంతరం తత్త్వవేత్తల నుంచి వస్తుంది, దాన్ని తేలిగ్గా తీసిపారేయలేం. శరీరానికి తెలిసినదంతా నోటితో చెప్పలేం. సైకిల్ తొక్కేవాడు పడిపోకుండా ఎలా నిలబడుతున్నాడో చెప్పలేడు, అయినా తొక్కుతాడు. చేయడం తెలియడం వేరు, సంగతి తెలియడం వేరు అని గిల్బర్ట్ రైల్ 1949లోనే వాదించాడు. మనం చెప్పగలిగినదానికంటే ఎక్కువే మనకు తెలుసునని మైకేల్ పొలానీ 1966లో రాశాడు. అలాంటప్పుడు పిల్లవాడిని ఆపి ఎందుకు చేశావని అడగడం న్యాయమా? మాటకారి పిల్లలకు మార్కులు దక్కి, మౌనంగా బాగా ఆడేవాడు వెనకబడడా? నిజమే, ప్రశ్నలే ఏకైక సాధనమైతే అంత అన్యాయమూ జరుగుతుంది. అందుకే పైన చెప్పిన దారుల్లో చాలావాటికి మాట అక్కర్లేదు. వేలు చూపడం, చోటు మారడం, మారిన నియమానికి సర్దుకోవడం అన్నీ చేతల్లోనే ఉన్నాయి. రహీం పెట్టిన టోర్నమెంట్లో ఎవరూ నోరు విప్పలేదు. మాట అవసరమైన చోట అది పిల్లల మాట కావాలి. పుస్తక భాషలో జవాబు కోరితే చాలామంది నోరు మెదపరు. ఇంట్లో లంబాడీ మాట్లాడే పిల్లలకు, వలస వచ్చిన కూలీల పిల్లలకు ఈ ఇబ్బంది ఇంకా ఎక్కువ. "గాడ ఎవ్వరు లేరు, గందుకే పోయిన" అన్నది సంపూర్ణమైన జవాబు. దాన్ని సరిదిద్దే ప్రయత్నం చేసిన రోజు ఆ పిల్లవాడు మళ్లీ జవాబు చెప్పడు.

రెండో అభ్యంతరం కాలం గురించి. వారానికి ఒకటో రెండో పీరియడ్లు, అందులోనూ పరీక్షల ముందు లెక్కల సారో సైన్స్ టీచరో అడిగి తీసుకునేవి. మైదానానికి వచ్చి వరసల్లో నిలబడి తిరిగి వెళ్లేసరికి మిగిలేది అరగంట. అందులో ఆట ఆపి ప్రశ్నలు వేస్తే పిల్లలు కదిలేదెప్పుడు? పిల్లలు కదలాలన్నది కాదనలేని అవసరం. దీని జవాబు లెక్కలోనే ఉంది. వేళ్లు చూపించే తనిఖీకి అర నిమిషం పడుతుంది. అది చేయనందువల్ల అర్థంకాని పాఠాన్నే మళ్లీ మళ్లీ చెప్పడానికి, ఆట మధ్యలో గొడవలు తీర్చడానికి పోయే సమయం అంతకంటే చాలా ఎక్కువ. డ్రిల్ పీరియడ్లో సగం తగాదాలు నియమం అర్థంకాక వచ్చేవే. లండన్ కింగ్స్ కాలేజీకి చెందిన పాల్ బ్లాక్, డిలన్ విలియం 1998లో దాదాపు 250 అధ్యయనాలను పరిశీలించి, బోధన జరుగుతుండగానే అవగాహనను కనిపెట్టి దానికి తగ్గట్టు పాఠం మార్చుకోవడం వల్ల అభ్యసనం గణనీయంగా పెరుగుతుందనీ, వెనకబడిన పిల్లలకు ఎక్కువ మేలు జరుగుతుందనీ చెప్పారు. ఆ అధ్యయనాలు ఎక్కువగా తరగతి గదుల్లో జరిగినవే, మైదానానికి యథాతథంగా వర్తిస్తాయని అనలేను. కానీ తర్కం మారదు. ఏది రాలేదో తెలిస్తే గానీ ఏది నేర్పాలో తెలియదు.

ఆడుకోవడానికి వచ్చిన పిల్లల మీద ఇక్కడా పరీక్ష రుద్దుతారా అని తల్లిదండ్రులు అడగవచ్చు. ఆ కోపంలో న్యాయం ఉంది. ఎఫ్‌ఏలు, ఎస్‌ఏలు, గ్రాండ్ టెస్టుల మధ్య నలిగే పిల్లలకు ఊపిరి తీసుకునే చోటు మైదానమే. అందుకని తనిఖీకీ మార్కుకూ ముడి పెట్టకూడదని నా గట్టి అభిప్రాయం. అర్థమైందో లేదో చూసేది సారు తన పాఠం మార్చుకోవడానికి, పిల్లవాడిని తూచడానికి కాదు. వేళ్లు తప్పు చూపినవారి పేరు రిజిస్టర్లోకి ఎక్కిన మరుక్షణం కళ్లు తెరిచి చూసి అంకె మార్చడం మొదలవుతుంది. గ్రేడు ఎటూ ఇవ్వాలి కాబట్టి అది సంవత్సరం పొడవునా కనిపించిన మార్పును బట్టి ఇస్తే సరిపోతుంది.

అన్నిటికంటే కష్టమైన అభ్యంతరం వ్యవస్థది. తెలంగాణ 2024 డీఎస్సీలో ప్రకటించిన 11,062 పోస్టుల్లో పీఈటీ (వ్యాయామ ఉపాధ్యాయ) పోస్టులు 182. నూటికి రెండు కూడా లేవు. ఆ ఉన్న పీఈటీ విలువను కూడా ఎస్‌జీఎఫ్ (స్కూల్ గేమ్స్ ఫెడరేషన్) పోటీల్లో ఎంతమంది పిల్లలు మండలం దాటి జిల్లాకు, జిల్లా దాటి రాష్ట్రానికి వెళ్లారన్న దాన్నిబట్టి కడతారు. పతకం తెచ్చే పన్నెండు మంది మీద దృష్టి నిలపడం ఆయన తప్పు కాదు, ఆయనను అలా తూచడమే తప్పు. ఆ లెక్కలో మిగతా పిల్లలంతా అరటిపండ్లే అవుతారు. వారిలో ఎక్కువమంది ఆడపిల్లలు, కొంచెం లావుగా ఉన్నవారు, పేరుపెట్టి ఏడిపిస్తారని భయపడేవారు. ఎవరికి అర్థంకాలేదో అడిగే అలవాటు ఉన్న మైదానంలో ముందుగా లాభపడేది వీరే. పీఈటీ లేని బడిలో కూడా ఇది ఆగిపోనక్కర్లేదు. వేళ్ల తనిఖీ, తప్పు పట్టించడం, జంటలు చూసుకోవడం తెలుగు టీచరైనా చేయించగలరు. కాకపోతే ఏ ఆటలో ఏ ప్రశ్న అడగాలో తెలిసినవాళ్లు రాసి ఇవ్వాలి.

ఒక్క విషయంలో మాత్రం తనిఖీ తప్పనిసరి. మార్చి మధ్యలో ఒంటిపూట బడులు మొదలయ్యాక ఎండలో ఆడే పిల్లలకు తల తిరిగినా, వికారం వచ్చినా, చెమట ఆగిపోయినా ఏం చేయాలో, ఎవరికి చెప్పాలో తెలుసా అన్నది కోరస్ జవాబుకు వదిలేసేది కాదు. ఒక్కొక్కరిని అడగాలి.

మండలాల్లో స్కూల్ కాంప్లెక్స్ సమావేశాలు ఉన్నాయి. భాషలకు, లెక్కలకు అక్కడ చర్చ జరుగుతుంది. చేవెళ్ల, మొయినాబాద్ మండలాల పీఈటీలందరూ ఒక పూట కలిసి కూర్చుని, కబడ్డీకి, ఖోఖోకు, వాలీబాల్‌కు, పరుగుకు ఒక్కోదానికి అయిదేసి తనిఖీలు పిల్లలు మాట్లాడే మాటల్లోనే రాసిపెట్టమని నా మనవి. అది నాలుగు పేజీలు కూడా దాటదు. జిరాక్స్ తీసి పీఈటీ లేని బడులకూ పంపవచ్చు. హెడ్మాస్టర్లకు ఒక విన్నపం: ఈసారి డ్రిల్ పీరియడ్ చూడడానికి మైదానానికి వెళ్లినప్పుడు కప్పుల గురించి కాకుండా, ఈ వారం ఎవరికి ఏం అర్థం కాలేదో అడగండి.